అమ్మతో ఫోను

"కట్! భలే ఏడ్చావు పాపా, గ్లిజరిన్ ఖర్చు కూడా మిగిల్చావు," అని నవ్వుతూ కెమెరామన్ లైటు ఆర్పి, టీకి వెళ్ళిపోయాడు.

నలుగురమ్మాయిల పాటల బృందంలో అందరికంటే చిన్నది కాబట్టి అభిమానులకు ఆమె పాప. వాళ్ళ కోసమే, కెమెరా ముందు ఇంటికి ఫోను చేసి ఏడ్చే ఈ 'అమ్మతో ఫోను' వీడియో. మామూలుగా ఫోన్లన్నీ మేనేజరు దగ్గరే ఉంటాయి. ఇవాళ ఆయన తీసుకోవడం మరిచాడు. పాప చేతిలోని ఫోన్లో అమ్మ లైను ఇంకా తెగలేదు.

పాప మేకప్ గది తలుపు గడియ వేసింది.

"అమ్మా, నేను ఇంటికొచ్చేస్తాను. నావల్ల కావట్లేదు."

"అయ్యో బంగారుతల్లీ! నీ కల కోసం ఓర్చుకోవాలమ్మా. మేమంతా నీ వెనకే ఉన్నాం."

ఇందాక చెప్పిన మాటలే. మేనేజరు నేర్పినవి.

"కెమెరా లేదమ్మా. ఇక్కడెవరూ లేరు. నిజంగానే ఏడుస్తున్నాను."

అవతల అమ్మ గొంతు తగ్గించి నాన్నతో అనడం వినిపించింది.

"విన్నారా, ఎంత సహజంగా చేస్తోందో! నాకే కడుపు తరుక్కుపోతోంది."

పాప అద్దంలోకి చూసింది. కాటుక చెంపల మీదికి కారి ఉంది.

"తల్లీ, ఈసారి సరిగ్గా చెప్పానా?" అమ్మ ఆత్రంగా అడిగింది. "ఇందాక తడబడ్డాను. నావల్ల నీకు మాట రాకూడదు కదే."

పాప ముంజేత్తో ముక్కు తుడుచుకుంది.

"చాలా బాగా చెప్పావమ్మా," అంది. "ఇంక మళ్ళీ చెప్పక్కర్లేదు."