అచ్చిరాని అడుగు

మా ఆవిడ గదిలోకొచ్చి నా భుజం మీద చెయ్యి వేసిందంటే చాలు, అవతలి జట్టు గోల్ కొట్టేస్తుంది. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మా అభిమాన జట్టు ఆడిన మొదటి మ్యాచ్‌లో రెండుసార్లు, రెండో మ్యాచ్‌లో ఒకసారి ఇదే జరిగింది.

అందుకే ఇవాళ ముందే చెప్పాను. "అయ్యేదాకా వంటింట్లోంచి కదలకు. నీ రేడియో ఏదో నువ్వు వినుకో."

గెలవకపోతే మావాళ్ళు ఇంటికే. ఎనభై ఎనిమిదో నిమిషం, స్కోరు సమానం. కూర్చోలేక, నిలబడలేక, ఆపరేషన్ కుట్లు ఇంకా ఆరని ఛాతీ పట్టుకుని గదంతా తిరుగుతున్నాను.

మంచినీళ్ళ గ్లాసుతో వచ్చేసింది.

"మళ్ళీ వచ్చావా? కొంప ముంచావు కదే."

"ఈసారి కొట్టింది మనవాళ్ళే. ముందు ఈ మాత్ర వేసుకుని, అప్పుడు చూడండి."

టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. వంటింట్లో రేడియో మాత్రం అప్పటికే గోల్ అని గొంతు చించుకుంటోంది.