సూత్రం తప్పని మనిషి

"ఏమండీ, ఎవరో ఊరి కేసంటున్నారు! మన ఊళ్లో మనకి కేసులేం ఉన్నాయండీ?" తలుపు సగం తెరిచి పట్టుకుని లోపలికి కేకేసింది సుభద్ర.

"యూరిన్, మేడమ్. యూరిన్ కేస్" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అధికారి ఓపిగ్గా. మెడలో పర్యావరణ శాఖ కార్డు మీద టాన్ అని ఉంది. వెనకాల నీలం చొక్కాలో ఇంకో మనిషి ఉన్నాడు.

ఊరి నుంచి యూరిన్‌కి దిగేసరికి సుభద్ర మొహం కందగడ్డయింది.

సింగపూరు హౌగాంగ్‌లో ఆ ఫ్లాటు హాలు నలుగురికే ఇరుకు. నీలం చొక్కా మనిషి పలకరింపు కూడా లేకుండా మూల కుర్చీలో కూచున్నాడు. పార్థసారథి వచ్చి సోఫా అంచున కూచున్నాడు. పేరుకి తగ్గట్టు సారథే. రథం మాత్రం స్కూలు బస్సు. పార్థులు పందొమ్మిది మంది, వెనక సీట్లలో.

టాన్ టాబ్లెట్ తిప్పి చూపించాడు. "గురువారం ఉదయం ఆరుంబావు. పాసిర్ రిస్. జాగింగ్ చేస్తున్న ఒకావిడ తీసి మాకు పంపింది."

ఫొటోలో వీధి దీపం కింద ఆపిన బస్సు. దాని ముందు, బంపరుకి ఎదురుగా, వీపు ఇటు పెట్టి కాస్త వంగి నిలబడ్డ మనిషి. కాళ్ల సందున తడి, పక్కనున్న డ్రెయిన్ దాకా పాయ కట్టింది.

"మీరేనా?"

"నేనే."

"బహిరంగ మూత్ర విసర్జన. ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను. షుగరుంది, ఆపుకోలేకపోయాను. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

ఇంత చులాగ్గా ఒప్పుకునేవాణ్ని టాన్ ఎప్పుడూ చూళ్లేదు కాబోలు, పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.

"సంతకమేంటండీ!" సుభద్ర ఒక్క ఉదుటున లేచింది. "స్కూలు బస్సు డ్రైవరు నడిరోడ్డు మీద ఇలాంటి పని చేశాడంటే రేపు ఏ తల్లి తన పిల్లని మీ బస్సెక్కిస్తుంది? ఉద్యోగం ఉంటుందా? లైసెన్సు ఉంటుందా?"

"ఫైనే కదా సుభద్రా. కట్టేస్తే ఫినిష్." నవ్వబోయాడు. రాలేదు.

"చెయ్యని పనికి ఫైనేంటి? ఇలా ఇవ్వండి సార్." టాబ్లెట్ లాక్కుని, రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసింది. "ఈ చెవి చూడండి."

"చెవా?"

"కుడి చెవి. ఖాళీగా ఉంది!"

టాన్ తెలీకుండానే తన చెవి తడుముకున్నాడు.

సుభద్ర మొగుడి కాలర్లోంచి జంధ్యం పైకి లాగింది. "మా ఆచారం సార్ ఇది. ఒంటికి వెళ్లేముందు ఈ పోగుని తీసి కుడి చెవికి చుట్టుకోవాలి, అపవిత్రం కాకుండా. ముప్ఫై ఏళ్లలో ఈయన ఒక్కసారి మర్చిపోలేదు. డెంగీ వచ్చి ఆస్పత్రిలో ఒళ్లు తెలీకుండా పడున్నప్పుడు కూడా, నర్సమ్మ బెడ్‌పాన్ తెస్తే ముందు ఈయన చెయ్యి చెవికే పోయింది!" అంతవరకూ ఇంగ్లీషు. ఆపైన ఆవేశం తెలుగులోకి తన్నుకొచ్చింది. "సూత్రం తప్పి మూత్రం పోసే మనిషి కాదండీ మా ఆయన!"

"సుభద్రా, చాలు."

"మీరుండండి." మళ్లీ ఇంగ్లీషు. "అందరూ దీన్ని ఏడాదికోసారి మారుస్తారు సార్, శ్రావణ పౌర్ణమికి. లేదంటే ఎవరైనా పోయినప్పుడు, మైల వదిలించుకోడానికి. ఈయన మొన్న గురువారం ఇంటికొచ్చి, ఊరికే తలస్నానం చేసి కొత్తది వేసుకున్నారు. ఇంకా పసుపైనా పోలేదు చూడండి. అంత శుచి!"

"మరి కింద ఆ తడి?" అన్నాడు టాన్.

"ఎడం చేతిలో చూడండి, నీలం మూత! రోజూ నేను నింపిచ్చే రెండు లీటర్ల సీసా. ఉత్త నీళ్లు సార్! బస్సు కడుక్కుంటున్నారు. బస్సు కడుక్కోడం కూడా మీ దేశంలో..."

"నోర్ముయ్!"

పెళ్లయ్యాక సుభద్ర ఆయన నోట విన్న మొదటి 'నోర్ముయ్' అది.

మూల కుర్చీ కిర్రుమంది. నీలం చొక్కా మనిషి లేచాడు.

"మూత్రం కాదు, నీళ్లే. ఖాయమేనా మేడమ్?"

"దేవుడి మీద ఒట్టు." గొంతులో ఇందాకటి జోరు లేదు.

"థాంక్యూ." జేబులోంచి కార్డు తీసి చూపించాడు. ట్రాఫిక్ పోలీసు. "గురువారం ఉదయం, ఈ ఫొటోకి అయిదు నిమిషాల ముందు, ఆ పక్క రోడ్డులో సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయన్ని ఏదో బండి గుద్దేసి పోయింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. మీవారు మూత్రానికి ఆగానంటే మేం ఇంకేం అడగలేకపోయేవాళ్లం." పార్థసారథి వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పండి. బంపరు మీద ఏం కడిగారు?"

లఘుశంక కాస్తా అందరికీ పెద్ద శంకయి కూచుంది.

పార్థసారథి వేళ్లు జంధ్యాన్ని మెలిపెడుతున్నాయి. ఆ పోగుల పసుపు వేళ్లకంటుకుంటోంది. సుభద్ర ఆ పసుపునే చూసింది.

"ఏమండీ... ఆ రోజు తలస్నానం... ఎవరి మైలకండీ?"