పదహారో పేరు

పదహారో పేరు దగ్గర ఎలీషా గొంతు ఆగింది. ఎదురుగా అమ్మాయిలు చేతులు కట్టుకుని వరసగా నిల్చున్నారు.

"సుష్మ" అన్నాడు చివరికి.

కీర్తన పేరు రాలేదు. సుష్మ కూడా నమ్మలేనట్టు కీర్తన వైపే చూసింది.

యూనివర్సిటీ మహిళల సాఫ్ట్‌బాల్ జట్టుకు ఎలీషాను కోచ్‌గా వేయడం ఇదే మొదటిసారి. ఇక్కడిదాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. నంద్యాల కాలేజీలో చేరిన కొత్తలో ఆట పేరు చెబితే "అదేం ఆట సార్, క్రికెట్‌కు చెల్లెలా?" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వులన్నీ భరించాడు. పొద్దున సెలెక్షన్ గదిలో కరుణాకర్ నవ్విన నవ్వును మాత్రం భరించలేకపోయాడు.

కరుణాకర్ ఇంకో కాలేజీ కోచ్. సెలెక్షన్‌లో ఆయనా ఉన్నాడు. పదిహేను పేర్లు గొడవ లేకుండా తేలాయి. మిగిలింది రెండో పిచ్చర్, అంటే బంతి వేసే అమ్మాయి. కీర్తనా, సుష్మా?

"అది నీకే వదిలేస్తాండాం ఎలీషా. నువ్వు ఎవర్ని పెట్టుకున్నా మేం ఏమనం" అన్నాడు కరుణాకర్. అని, కొంచెం నవ్వాడు.

అంతే. ఎలీషా నోట్లోంచి సుష్మ పేరు వచ్చేసింది. కరుణాకరే బిత్తరపోయాడు.

"సుష్మనా? బాగా ఆలోచించుకో అప్పా."

ఎలీషా ఆలోచించలేదు. ఆలోచిస్తే మాట మార్చాల్సి వస్తుందని ఆయనకు తెలుసు.

కీర్తన చెయ్యి గిర్రున తిప్పి కింది నుంచి బంతి వదిలిందంటే, అవతలి పిల్ల బ్యాటు కదిలించేలోపే అది క్యాచర్ గ్లవ్‌లో ఉంటుంది. సుష్మ మంచి పిల్లే, కష్టపడుతుంది. కానీ కీర్తనతో పోలిక లేదు. ఆ సంగతి అందరికంటే ఎలీషాకే బాగా తెలుసు. ఆ పిల్ల చేతికి మొదటిసారి గ్లవ్ తొడిగింది ఆయనే, ఆళ్లగడ్డలో, చర్చి వెనక ఖాళీ స్థలంలో. ఇప్పుడామెది డిగ్రీ ఆఖరి ఏడు. యూనివర్సిటీకి ఆడితే స్పోర్ట్స్ కోటాలో బీపీఈడీ సీటు వస్తుందని, తనూ ఎలీషాలాగే కోచ్ కావాలని ఆమె ఆశ. ఇంకో ఏడాది చూద్దామనడానికి లేదు.

పేరు రాకపోయినా కీర్తన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. బంతులన్నీ ఏరి సంచిలో వేసింది. సుష్మ భుజం తట్టింది. "పోయొస్తా సార్" అని వెళ్లిపోయింది.

గ్రౌండ్‌లో ఎవరైనా సరే తనను సార్ అనే పిలవాలని నియమం పెట్టింది ఎలీషానే. ఇవాళ ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఆయనా కీర్తనా రోజూ నంద్యాలలో ఎక్కేది ఒకే ఆళ్లగడ్డ బస్సు. ఆమె మొహం చూసే ధైర్యం లేక ఎలీషా ఆ బస్సు వదిలేశాడు. బస్టాండులో టీ మీద టీ తాగుతూ కూర్చున్నాడు. సుష్మ తండ్రి మద్దిలేటి అక్కడ పట్టుకున్నాడు ఆయన్ని. మిడుతూరు వైపు బాగా భూములున్న రైతు.

"శానా సంతోషం సార్. మా పిల్లకు రాదనే ఊరంతా అనిరి. నేనూ ఆశ వదులుకుంటి." పచ్చి శెనక్కాయల సంచి ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇవన్నీ ఏందప్పా, వద్దు."

"మా చేన్లోవే. నీ మాదిరి న్యాయం చేసేటోళ్లు యాడుండారు సార్?"

న్యాయం అన్న మాటకు ఎలీషా తల దించుకున్నాడు. బస్సెక్కాక ఆ సంచి ఒళ్లో పెట్టుకుంటే లంచం తిన్నట్టే అనిపించింది. నిజంగా లంచమే తిని ఉంటే ఇంత సిగ్గుండేది కాదేమో. నలుగురూ ఏమంటారో అన్న భయానికి ఒక పిల్ల బతుకును పక్కకు నెట్టేశాడు.

శిరివెళ్ల దాటింది. కీర్తన తల్లి సలోమికి ఏమని చెప్పాలి? ఆమె స్కూలు టీచరు. నోరు చేసుకునే మనిషి కాదు, ఊరికే చూస్తుంది. ఆ చూపుకంటే నాలుగు తిట్లే నయం. పిల్ల ఆట ఇవాళ కుదరలేదని చెబుదామా అనుకున్నాడు. ఆ అబద్ధం ఆడితే ఇక తను కోచే కాదు.

ఆళ్లగడ్డలో దిగేసరికి శిల్పాల షెడ్లలో ఉలి చప్పుడు ఆగిపోయింది. పనివాళ్లు ఒంటిమీది దుమ్ము దులుపుకుంటున్నారు. చర్చి వీధిలో ఆ ఇంటి ముందు చెప్పులు విడవడానికే ఎలీషాకు కాసేపు పట్టింది.

సలోమి తలుపు తీసింది. శెనక్కాయల సంచి అందుకుంది.

"చెప్పింది" అంది.

"యాడుంది?"

"వెనక. వచ్చినప్పట్నుంచి ఏం తినలా."

పెరట్లో కీర్తన, గోడ మీద బొగ్గుతో గీసిన చదరానికి గురిపెట్టి బంతి వేస్తోంది. ఒక్క బంతీ గీత దాటడం లేదు. ఎలీషా బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు.

"నీ ఆటలో తప్పేం లేదు కీర్తనా" అన్నాడు. "తప్పంతా నాది."

ఆమె బంతి ఏరుకుంది. ఇటు తిరగలేదు.

"సుష్మ నాకంటే బాగా వేస్తాదా?"

"లేదు."

"అయితే, నేను నీ కూతుర్ని కాకపోయింటే తీసుకుంటాంటివి కదా, నాయనా?"