చేతులు కలిపే ఆట

"ఆ ఫోన్లన్నీ బల్లమీద పెట్టండి" అంటూ కెమిస్ట్రీ హెడ్డు క్లాసు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. వెనకాలే వైస్ చాన్సలర్‌నీ వెంటబెట్టుకొచ్చాడు. ఆయన లెక్కల మనిషి, కెమిస్ట్రీ గాలి కూడా సోకనివాడు.

పిల్లలు ఫోన్లు దించారు. పాఠం చెబుతున్న కొత్త లెక్చరరు మాత్రం తన ఫోను దించలేదు.

"చూశారాండీ, ఈవిడగారి పాఠం. ఫోన్లో ఆటలు."

"ఒక్కొక్కరూ ఒక్కో మూలకం ఎంచుకుంటారు సార్. పరమాణువులు చేతులు కలిపితే అణువు తయారవుతుంది, గెలుస్తారు."

"నాకు నేర్పక్కర్లేదమ్మా. ఈ బోర్డు మీద నేను అరగదీసిన సుద్దముక్కలు పోగేస్తే ఈ మేడకి ఇంకో అంతస్తు లేచేది."

"అందుకే మాకీ దగ్గు" అని వెనక బెంచీ గొణిగింది.

వైస్ చాన్సలర్ విసుక్కున్నాడు. "మాస్టారూ, ఆటలో తప్పుందన్నారు. చూపించండి, ఈవిడ ఉద్యోగం ఇవాళే తీసేస్తాను. లేకపోతే మళ్లీ నా గది గడప తొక్కకండి."

హెడ్డుకి ప్రాణం లేచొచ్చింది. పొద్దుటినుంచీ తిండి మానేసి తానే ఆడి పట్టుకున్న తప్పాయె. అన్నానికి పిలిచిన భార్యని, "ఉండవే, ఒకరి ఉద్యోగం ఊడబీకే పనిలో ఉన్నా" అని కసిరాడు కూడా.

"ఇది మోసపు ఆటండీ. వేళ్లు అరిగేలా నొక్కాను. ఒక్క పరమాణువూ నాతో చెయ్యి కలపలేదు. హైడ్రోజన్ దగ్గరికెళితే మొహం తిప్పుకుంది. ఆక్సిజన్ వెంటపడితే పారిపోయింది. ఈ పిల్లకాయలేమో చిటికెలో గెలిచేస్తున్నారు. ఆడేది నేనని తెలిసి ఈవిడే ఏదో మెలిక పెట్టింది."

"నిజమేనా అమ్మా?"

"నేనేమీ మార్చలేదు సార్." ఆమె హెడ్డువైపు తిరిగింది. "హెడ్డుగారూ, మీరు ఏ మూలకం ఎంచుకున్నారు?"

"నా స్థాయికి తగినదే, ఉత్కృష్ట వాయువు. నియాన్."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏమైందర్రా?" అన్నాడు వైస్ చాన్సలర్.

ముందు బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"ఆటలో తప్పేం లేదు సార్. నియాన్ ఎవరితోనూ కలవదని మాకు మొదటిరోజు క్లాసులో చెప్పింది హెడ్డుగారే."