గుట్ట మీది అరుపు

మా అన్న అరుపును మీ గేములో పెట్టుకున్నారు.

మీ సినిమా పేరుతో మీరే వదిలిన ఫైటింగ్ గేము. కౌల్ బజార్ మొబైల్ షాపులో పని ముగించుకొచ్చి ఆడాను. చెత్త గేము. హీరో తన్నితే కాలు రౌడీ ఒంట్లోంచి దూరిపోతుంది. నవ్వుకుంటూ ఒక రౌడీని గుట్ట మీది నుంచి తోశాను.

"అమ్మోవ్!"

వంటింట్లోంచి అమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "మన భీమేషు పిలుస్తాండాడు కదరా! యాడుండాడప్పా?"

"గేమమ్మా, ఏం లేదు" అన్నాను. ఫోను దాచేశాను. అమ్మ వీధి తలుపు తీసి చూస్తూ నిలబడింది.

కురుగోడులో మీ షూటింగుకు కూలికొచ్చిన అన్న, ప్యాకప్ అయ్యాక ఒంటరిగా గుట్టెక్కి జారిపడ్డాడన్నారు. ఎవరూ చూడలేదన్నారు. నమ్మి మట్టి చేశాం.

భయపడుతూనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ రౌడీని మళ్లీ తోశాను. అరుపు వెనక సన్నగా ఇంకెవరిదో గొంతు ఉంది.

"తాడు తెగిందప్పా!"

కావాలనే కవరులో పెట్టలేదు. ఈ కార్డును దారిలో అందరూ చదవనీ. ఆ తాడు కట్టిందెవరు? మైకు పట్టుకున్నదెవరు? శుక్రవారం లోపల పేర్లు రాసి పంపండి.