ప్లాస్టర్ ముఖాలు

మానవశాస్త్ర విభాగం తలుపు ఒక్క తన్ను తన్ని లోపలికి దూకాను. గోడ నిండా మా వాళ్ల ప్లాస్టర్ ముఖాలే. అరవై ఏళ్ల కిందట పండితులు వచ్చి, మా పెద్దల ముక్కుల్లో గొట్టాలు దూర్చి, ముఖాల మీద ప్లాస్టర్ పోసి, మాది ఎంత తక్కువ జాతో కొలవడానికి తీసిన అచ్చులు అవి.

"ఇదా మీ శాస్త్రం? దొంగల్లారా!" అని అరుస్తూ సుత్తి ఎత్తాను. మొదటి ముఖం ముక్కలైంది. పదోది పగిలేసరికి నా చేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. అయినా ఆగలేదు.

"ఆగరా, నీకు పుణ్యముంటుంది!" వెనక నుంచి అమ్మ కేక.

"భయమైతే బయట నించో!"

చివరిదీ ముక్కలయ్యాక వెనక్కి తిరిగాను. అమ్మ నేల మీద కూర్చుని, ఒక్కో ముక్కా తిరగేసి వెనకున్న నంబరు చదువుతోంది.

"ఏంటమ్మా వెతుకుతున్నావ్?"

"నలభై ఒకటి. మా అమ్మ నంబరు అదేనని నాన్న చెప్పేవాడు. నన్ను కన్న నెలకే పోయింది, ఒక్క ఫొటో లేదు. ఎలా ఉండేదో చూద్దామనే నీ వెంట వచ్చాను. చెబుదామంటే విన్నావా?"

ఆ నంబరున్న ముక్క దొరికింది. ఇటు తిప్పితే గడ్డం ఒక్కటే మిగిలింది.

అమ్మ దాన్ని నా ముఖం పక్కన పెట్టి చూసింది.

"నీ గడ్డమేరా," అంది.