ఆరువందల పన్నెండో ముఖం

పాత గేటు కార్డులు వెనక్కి తీసుకోవాలి. ముఖం గుర్తుపట్టి గేటు తెరిచే కొత్త యంత్రానికి ప్లాస్టిక్ కవరు విప్పాలి. మేనేజరు ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు నింపాలి. సాయంత్రం ఐదులోగా తొమ్మిదో బ్లాకు ముసలాయన ముఖం ఎక్కించాలి.

ఛియావ్‌కు ఆ చివరి పనే మిగిలింది. హాంగ్‌ఝౌలోని ఆ అపార్ట్‌మెంట్ల ఆఫీసులో చేరి మూడు నెలలు. ఆరువందల పన్నెండు ముఖాలూ పూర్తయితేనే ఉద్యోగం ఖాయం.

"తాతా, ఒక్క క్షణం ఇటు చూడండి చాలు."

ఓయాంగ్ దెలిన్ తల తిప్పుకున్నాడు. చేతిలో ఉల్లికాడల సంచీ.

"నాకు కార్డే ఇవ్వమ్మాయ్. వద్దన్నవాళ్ళకు ఇంకో దారి చూపాలని చట్టంలోనే ఉంది."

"అందరూ ఇచ్చారుగా! మీరేమైనా సినిమా హీరోనా?"

"ఆ ఫోటోలు ఎవరి దగ్గరుంటాయి?"

"కంపెనీ దగ్గర."

"ఎన్నాళ్ళు?"

ఛియావ్‌కు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ.

"ముఖం ఇవ్వాల్సిన చోట ఇచ్చానమ్మా. వాళ్ళు రసీదు కూడా ఇచ్చారు."

వెనక పిల్లనెత్తుకుని నిలబడ్డ ఒకావిడ కస్సుమంది.

"పోయినేడు ఈ గేటు దగ్గరే మా పిల్ల తప్పిపోయింది. సాయంత్రం దాకా మా ప్రాణాలు మాలో లేవు. మా గోడు ఎవరికి కావాలి?"

ఆయన ఆ పిల్ల వైపు చాలాసేపు చూశాడు.

"నిజమే తల్లీ, యంత్రం పెట్టుకోండి. నాకు కార్డు ఇమ్మన్నానంతే."

"మీ బిడ్డ తప్పిపోయి ఉంటే తెలిసేది!" ఛియావ్ నోరు జారింది.

ఆయన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఐదింటికి పాత కార్డులు పనిచేయడం మానేశాయి.

మర్నాటి నుంచి ఆయన బయట నిలబడి, ఎవరైనా గేటు తెరిస్తే వాళ్ళ వెనకే లోపలికి వచ్చేవాడు. చలిలో, ఒక్కోసారి వానలో. ఛియావ్ కిటికీ పరదా లాగేసేది. కుదురుగా కూర్చోలేక మళ్ళీ తీసి చూసేది.

తొమ్మిదో రోజు ఆయన కనబడలేదు.

పన్నెండో రోజు జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం. అడిగినవాళ్ళకు కార్డు ఇవ్వాల్సిందే. జతచేసిన ఫిర్యాదు కింద ఆయన సంతకం.

ఛియావ్ కార్డు పట్టుకుని మెట్లు పరుగున ఎక్కింది. ఆయన మేనకోడలు తలుపు తీసింది.

"మావయ్య సోమవారం పోయారు. న్యుమోనియా."

లోపల గోడ నిండా కాగితాలు. మధ్యలో తప్పిపోయిన నాలుగేళ్ళ బాబు ఫోటో. చుట్టూ ఓయాంగ్ ముఖాలే. ఆయనకు పదేళ్ళప్పటిది, ఇరవయ్యేళ్ళప్పటిది, ముప్పయ్యేళ్ళప్పటిది. ఒక్కోదాని కింద ఒక్కో ఊరి పోలీసుల రసీదు.

"అన్నీ తాతవే ఉన్నాయేంటి?"

"మావయ్య కొడుకుది ఆ ఒక్క ఫోటోనే మిగిలింది. వాడు తనలాగే ఎదుగుతాడని, వాడికెన్నేళ్ళొస్తే ఆ వయసునాటి తన ఫోటో పోలీసులకు ఇచ్చొచ్చేవారు."

ఆ గేటు దగ్గర ఆయన్ని ఇప్పటికీ ముఖం దాచుకున్న ముసలాయనే అంటారు. మీరు మాత్రం, కొడుకు కోసం పదిహేడు ఊళ్ళలో తన ముఖం ఇచ్చొచ్చిన ఓయాంగ్ దెలిన్ అని గుర్తుంచుకోండి.